బరిలోకా? సెలవా?

గాయపడిన ఛాంపియన్‌ను ప్రతిసారీ వెంటాడే ప్రశ్న ఇది. జవాబును మనం గుండె నిబ్బరంతో కొలుస్తున్నాం. కొలవాల్సింది గాయం స్వభావాన్ని బట్టి, తిరిగి రావడానికి ఉన్న కారణాన్ని బట్టి.

హైదరాబాద్ బ్యాడ్మింటన్ చరిత్రలో మోకాలి చుట్టూ తిరిగే కథలు రెండున్నాయి. మొదటిది ఊరూవాడా తెలిసిందే. అప్పటి ప్రకాశం జిల్లా నాగండ్లలో పుట్టిన పుల్లెల గోపీచంద్‌కు 1994లో, పుణెలో జాతీయ క్రీడల్లో డబుల్స్ ఆడుతుండగా మోకాలి లిగమెంట్ తెగింది. ఒకటికి రెండుసార్లు ఆపరేషన్ బల్ల ఎక్కాల్సి వచ్చింది. ఆ కుర్రాడే 1996లో జాతీయ ఛాంపియన్ అయ్యాడు. వరసగా ఐదేళ్లు ఆ కిరీటం వదల్లేదు. 2001 మార్చిలో బర్మింగ్‌హామ్‌లో చైనా ఆటగాడు చెన్ హాంగ్‌ను 15-12, 15-6తో ఓడించి ఆల్ ఇంగ్లండ్ గెలిచాడు. ప్రకాశ్ పదుకొనే తర్వాత ఆ టైటిల్ అందుకున్న రెండో భారతీయుడు అతనే. రెండో కథ అతని శిష్యురాలు సైనా నెహ్వాల్‌ది. 2012 లండన్‌లో కాంస్యం, 2015 ఏప్రిల్‌లో ప్రపంచ నంబర్‌వన్ ర్యాంకు, 2016లో మోకాలికి ఆపరేషన్, ఆ తర్వాత మళ్లీ పతకాలు. 2023 జూన్‌లో సింగపూర్ ఓపెన్ తర్వాత ఆమె మరే పోటీలోనూ కనిపించలేదు. 2024 సెప్టెంబరులో తనకు ఆర్థరైటిస్ ఉందని, మోకాలి గుజ్జు బాగా దెబ్బతిందని బయటపెట్టింది. వీడ్కోలు మ్యాచ్ ఆడలేదు, సన్మానాల ఊసే లేదు. ఆటను అలాగే ముగించింది.

మొదటి కథను బడిపిల్లలకు చెబుతాం. వ్యక్తిత్వ వికాస సభల్లో వినిపిస్తాం. రెండో కథ ప్రస్తావనకొస్తే ‘పాపం, గాయాలు లేకపోతే ఇంకా ఎంత ఆడేదో’ అని నిట్టూర్చి వదిలేస్తాం. మన తూకం తప్పుతున్నది ఇక్కడే. గోపీచంద్ తిరిగి బరిలో దిగడం ఎంత సరైన నిర్ణయమో, సైనా ఆగిపోవడమూ అంతే సరైన నిర్ణయం. మొదటిది ధైర్యమైతే రెండోదీ ధైర్యమే. ఆ ఇద్దరి మధ్యా ఉన్న తేడా మనోబలంలో లేదు, మోకాలి లోపల ఏం పాడైందన్న దాంట్లో ఉంది. గాయపడిన తార భవిష్యత్తు గురించి మాట్లాడే ముందు తెలుసుకోవాల్సినవి మూడే: దెబ్బతిన్నది ఏమిటి, తిరిగి వచ్చేది దేనికోసం, ఆ నిర్ణయం తీసుకునే స్వేచ్ఛ ఆటగాళ్ల చేతిలో నిజంగా ఉందా లేదా. ఈ మూడూ పక్కనపెట్టి ‘పట్టుదల ఉంటే సాధ్యం కానిది లేదు’ అనడం వాళ్లకు ఏ విధంగానూ మేలు చేయదు.

తెగినది వేరు, అరిగినది వేరు

బ్యాడ్మింటన్ సింగిల్స్‌లో మోకాలి మీద ఏం జరుగుతుందో దగ్గర నుంచి చూస్తే సంగతి తేటపడుతుంది. నెట్ దగ్గర పడబోతున్న షటిల్ కోసం కుడిచేతి వాటం క్రీడాకారిణి కుడికాలు బారచాచి దూకుతుంది. మడమ ముందు నేలను తాకుతుంది, మోకాలు వంగుతుంది, పరుగు వేగమంతా ఆ కీలు దగ్గరే ఆగాలి. ఆగిన మరుక్షణం అదే కాలితో నేలను తన్ని వెనక్కి రావాలి. ఒక్క ర్యాలీలోనే ఇలా ఎన్నోసార్లు. ఇక ప్రత్యర్థి వెనక మూలకు, బ్యాక్‌హ్యాండ్ వైపు షటిల్ పంపినప్పుడు ఒళ్లు వెనక్కి విల్లులా వంచి, గాల్లోకి లేచి తలమీదుగా కొట్టి, ఎడమకాలు ఒక్కదాని మీదే దిగాలి. దిగేటప్పటికి నడుము ఒకవైపు తిరుగుతుంటుంది, పాదం నేలకు అతుక్కుని ఉంటుంది. మోకాలి మధ్యలో ఉండే ఏసీఎల్ అనే లిగమెంట్ పుటుక్కున తెగేది ఎక్కువగా అలాంటప్పుడే. రాకెట్ పట్టిన చేతికి ఎదురువైపు మోకాలికే ఈ ముప్పు ఎక్కువని పరిశోధకులు గమనించారు. ఎడమచేతి వాటమున్న స్పెయిన్ తార కరోలినా మారిన్‌కు 2019లోనూ 2024లోనూ దెబ్బతిన్నది కుడి మోకాలే.

ఈ ఆటకు మోకాలు ఎంత పెద్ద గండమో చెప్పడానికి మహిళల సింగిల్స్‌లో మూడు మ్యాచ్‌లు చాలు. 2012 లండన్ ఒలింపిక్స్ కాంస్య పోరులో చైనా క్రీడాకారిణి వాంగ్ షిన్ తొలి గేమ్ 21-18తో గెలిచి, రెండో గేమ్‌లో 1-0తో ఉండగా మోకాలు పట్టుకుని తప్పుకొంది. పతకం సైనాకు దక్కింది. 2019 జనవరిలో జకార్తాలో ఇండోనేసియా మాస్టర్స్ ఫైనల్లో మారిన్ 10-4 ఆధిక్యంలో ఉండగా కూలిపోయింది. టైటిల్ మళ్లీ సైనాకే వచ్చింది. 2024 ఆగస్టు 4న పారిస్ ఒలింపిక్స్ సెమీఫైనల్లో అదే మారిన్ తొలి గేమ్ 21-14తో నెగ్గి, రెండో గేమ్‌లోనూ ముందంజలో ఉండగా కుప్పకూలింది. కట్టు కట్టుకొచ్చి రెండు పాయింట్లు ఆడి చూసింది, కుదరక ఏడుస్తూ వెళ్లిపోయింది. మూడింట్లోనూ గెలుపు దిశగా సాగుతున్నవాళ్లనే మోకాలు ఆపేసింది. నైపుణ్యానికీ తెగువకూ అక్కడ లోటేమీ లేదు.

అయితే గాయాలన్నీ ఒక్క తీరున మానవు. విరిగిన ఎముకకు నెత్తురు అందుతుంది, తనంతట తాను అతుక్కుంటుంది. 2022 కామన్వెల్త్ క్రీడల్లో ఎడమ చీలమండ ఎముకలో చీలికతోనే స్వర్ణం గెలిచిన పి.వి.సింధు కొన్ని నెలలు విశ్రాంతి తీసుకుని 2023 జనవరిలో కోర్టులోకి రాగలిగింది. తెగిన లిగమెంట్ తనంతట అతుక్కోదు గానీ, తొడ వెనక నుంచో మోకాలి చిప్ప కింద నుంచో స్నాయువు ముక్క తీసి దాని స్థానంలో బిగిస్తారు. ఆ ముక్క కొత్త చోట బతికి బలపడటానికి నెలలు పడుతుంది. తొమ్మిది నెలల లోపు పోటీకి దిగితే మళ్లీ గాయపడే ముప్పు పెరుగుతుందని వైద్యులు హెచ్చరించేది అందుకే. ఓపికతో వ్యాయామాలు చేసి కండరాలను తిరిగి పెంచుకుంటే లిగమెంట్ గాయం నుంచి పూర్వపు ఆటకు చేరే అవకాశం ఉంది. గోపీచంద్ చేరింది ఆ దారినే. ఎముకల చివర్లను కప్పి ఉంచే మృదులాస్థి సంగతి వేరు. మనం గుజ్జు అనేది దాన్నే. దానిలో రక్తనాళాలు లేవు, నరాలూ లేవు. రక్తం అందదు కనుక అరిగితే మళ్లీ సరిగ్గా పెరగదు. నరాలు లేవు కనుక తొలిదశలో అరుగుదల తెలియదు. నొప్పి పుట్టేసరికే చాలా నష్టం జరిగిపోయి ఉంటుంది. పట్టుదల కండరం మీద పనిచేస్తుంది, ఊపిరి మీద పనిచేస్తుంది, భయం మీద పనిచేస్తుంది. గుజ్జు మీద పనిచేయదు. సైనాను ఆపింది ఈ శరీరధర్మం. ప్రపంచ స్థాయిలో నిలవాలంటే రోజుకు ఎనిమిది, తొమ్మిది గంటలు సాధన చేయాలి. గంటా రెండు గంటలకే మోకాలు మొరాయిస్తే ఏ శిక్షకుడైనా, ఎంత తపన అయినా చేయగలిగింది లేదు.

కనబడేది తిరిగొచ్చినవాళ్లే

పునరాగమన గాథలు మనసును ఊపేస్తాయి. 2022 డిసెంబరు 30న కారు ప్రమాదంలో మోకాలి కీలక లిగమెంట్లు మూడు తెగిన క్రికెటర్ రిషభ్ పంత్ 2024 ఐపీఎల్‌కు సిద్ధమై, ఆ జూన్‌లోనే టీ20 ప్రపంచకప్ గెలిచిన జట్టులో ఆడాడు. అలాంటి కథ విన్నాక ఎవరికైనా ఒంట్లో ఉత్సాహం ఉరకలేస్తుంది. కానీ గెలిచి తిరిగొచ్చినవాళ్లు మాత్రమే కథ చెప్పడానికి మిగులుతారు. రాలేనివాళ్లు మౌనంగా ఉద్యోగాల్లోకో ఇళ్లకో వెళ్లిపోతారు, వాళ్ల పేర్లు కూడా మనకు గుర్తుండవు. ఏసీఎల్ శస్త్రచికిత్స తర్వాత ఏమైందో చూసిన 69 అధ్యయనాలను క్రోడీకరించి 2014లో ఒక సమీక్ష వెలువడింది. ఏదో ఒక ఆట మళ్లీ ఆడగలిగినవాళ్లు నూటికి 81 మంది. గాయానికి ముందున్న స్థాయికి చేరింది 65 మంది. పోటీ క్రీడలకు తిరిగొచ్చింది 55 మంది. అగ్రశ్రేణి ఆటగాళ్ల విషయంలో ఫలితాలు ఇంతకంటే బాగుంటాయి. వాళ్లకు మంచి వైద్యం, వ్యాయామ నిపుణులు, సమయం అందుతాయి కనుక. ఆ తేడా చెప్పేది కూడా ఒకటుంది. పునరాగమనంలో మనం మనోబలమని మెచ్చుకునే దాంట్లో సగం వసతుల బలం. జిల్లా స్థాయి కబడ్డీ అమ్మాయికి లిగమెంట్ తెగితే ఆమె సంకల్పం పంత్ కంటే తక్కువేమీ కాదు. ఆమెకు లేనివి ఆపరేషన్ ఖర్చు, ఏడాది పాటు వెంట ఉండే ఫిజియో.

చప్పట్లకు ఈ తేడాలు తెలియవు. 2025 జులైలో మాంచెస్టర్ టెస్టులో కుడిపాదం ఎముక విరిగిన పంత్ కుంటుకుంటూ వచ్చి అర్ధశతకం పూర్తి చేశాడు. రెండు వారాలు తిరగకుండానే ఓవల్‌లో ఇంగ్లండ్ పేసర్ క్రిస్ వోక్స్ కీలు తప్పిన భుజాన్ని స్వెటర్ లోపల కట్టుకుని ఒంటిచేత్తో బ్యాట్ పట్టి దిగాడు. స్టేడియాలు రెండూ లేచి నిలబడ్డాయి. ప్రేక్షకులు చూసింది రెండింట్లోనూ ఒకే తెగింపు. కానీ చిన్న ఎముక కొన్ని వారాల్లో అతుక్కుంటుంది, పేసర్ భుజం మాటెత్తితే జవాబు అంత తేలిక కాదు. పంత్ మళ్లీ జట్టులోకి వచ్చాడు. వోక్స్ మాత్రం ఆ సెప్టెంబరులోనే అంతర్జాతీయ క్రికెట్‌కు సెలవు చెప్పాడు. ఆ ఒక్క ఇన్నింగ్స్ వల్లే అతని భుజం పాడైందని ఎవరూ అనలేరు, అతను ఒక్క బంతి కూడా ఎదుర్కోలేదు. చెప్పదలచుకున్నదల్లా ఒకటే: చూసేవాడి గుండె పొంగడాన్ని బట్టి ఆటగాడి ఒంటికి ఏది మంచిదో తేల్చలేం.

ఒకే మనిషి, రెండు జవాబులు

మరి తిరిగి రావడమే తప్పా? కానేకాదు. సైనా జీవితమే అందుకు సాక్ష్యం. 2016 ఆగస్టు 14న రియోలో ఉక్రెయిన్ క్రీడాకారిణి మరియా ఉలితినా చేతిలో 18-21, 19-21తో ఓడినప్పుడు ఆమె మోకాలు సహకరించడం లేదని చూసినవాళ్లందరికీ అర్థమైంది. అదే నెలలో ఆపరేషన్ అయింది. వయసు 26. అక్కడితో ఆపేసి ఉంటే చేతిలో ఒలింపిక్ పతకం ఉంది, పేరుంది, ఎవరూ వేలెత్తి చూపేవారు కాదు. ఆమె ఆపలేదు. 2017 జనవరిలో మలేసియా మాస్టర్స్ గెలిచింది. ఆగస్టులో గ్లాస్గోలో ప్రపంచ ఛాంపియన్‌షిప్ కాంస్యం తెచ్చింది. 2018 ఏప్రిల్‌లో గోల్డ్‌కోస్ట్ కామన్వెల్త్ ఫైనల్లో, అప్పటికి తన కంటే ఫామ్‌లో ఉన్న సింధును 21-18, 23-21తో ఓడించింది. అదే ఏడాది ఆసియా క్రీడల్లో కాంస్యం నెగ్గింది. అంటే 2016లో తిరిగి రావాలన్న నిర్ణయం నూటికి నూరుపాళ్లు సరైనదే. 2023 తర్వాత ఆపాలన్న నిర్ణయమూ సరైనదే. ఆమె పట్టుదల ఈ ఏడేళ్లలో కరిగిపోయిందనడానికి ఆధారమేమీ లేదు. మారింది మోకాలు. టెన్నిస్ తార రోజర్ ఫెదరర్ విషయంలోనూ అంతే. 2016లో ఎడమ మోకాలికి శస్త్రచికిత్స జరిగింది, ఆ ఏడాది ద్వితీయార్ధంలో ఆరునెలలు ఆటకు దూరంగా ఉండి, 35 ఏళ్ల వయసులో 2017 ఆస్ట్రేలియన్ ఓపెన్ గెలిచాడు. 2020, 2021ల్లో కుడి మోకాలికి మూడు ఆపరేషన్లయ్యాక 2022లో లండన్‌లో వీడ్కోలు చెప్పాడు. ఆ రెండు నిర్ణయాల్లో ఒకటి వీరత్వం, మరొకటి ఓటమి అనడానికి ఎవరికీ నోరు రాదు.

ఇక్కడ గట్టి అభ్యంతరం ఒకటుంది. గుజ్జు అరిగితే దారి మూసుకున్నట్టే అంటే బ్రిటన్ టెన్నిస్ ఆటగాడు ఆండీ ముర్రే సంగతేమిటి? 2019 జనవరిలో మెల్‌బోర్న్‌లో విలేకరుల ముందు కన్నీరు ఆపుకోలేక, తుంటి నొప్పితో ఇక ఆడలేనేమోనన్న మనిషి అతను. ఆ నెలాఖరునే లండన్‌లో తుంటి కీలు బంతి భాగానికి లోహపు తొడుగు వేయించుకున్నాడు. జూన్‌లో క్వీన్స్ క్లబ్‌లో లోపెజ్‌తో కలిసి డబుల్స్ టైటిల్ గెలిచాడు. అక్టోబరులో ఆంట్‌వెర్ప్‌లో వావ్రింకాను ఓడించి సింగిల్స్ టైటిలే కొట్టాడు. 2023 ఆస్ట్రేలియన్ ఓపెన్‌లో కొకినాకిస్‌పై 5 గంటల 45 నిమిషాలు పోరాడి తెల్లవారుజామున నాలుగు దాటాక గెలిచాడు. 2024 పారిస్ ఒలింపిక్స్ దాకా ఆడాడు. ఈ ఉదాహరణ నా వాదనను కూలదోయదు, దానికి రెండో మెట్టు వేస్తుంది. లోహపు తుంటితో ముర్రే ఏ గ్రాండ్‌స్లామ్‌లోనూ మూడో రౌండ్ దాటలేదు. ఒకప్పటి నంబర్‌వన్ తిరిగి అగ్రపీఠం ఎక్కలేదు. అతను ఆపరేషన్ చేయించుకున్నది ముందుగా నొప్పి లేకుండా బతకడానికి. ఆడటం దాని తర్వాతి కోరిక. తనకు ఇష్టమైన పనిని ఇష్టమైనంత కాలం చేసి, ఇష్టమైన చోట ముగించాలనుకున్నాడు. ఆ కొలమానంతో చూస్తే అతని పునరాగమనం ఘనవిజయం. మరో వింబుల్డన్ గెలవాలన్న లక్ష్యంతో వచ్చి ఉంటే అవే ఐదేళ్లు నరకంగా మారేవి. దేనికోసం రావాలనుకుంటున్నావన్న ప్రశ్న ఇంత బరువైనది.

రెండో అభ్యంతరం రఫెల్ నాదల్. ఎడమపాదంలో ముల్లర్-వైస్ సిండ్రోమ్ అనే అరుదైన ఎముక జబ్బు అతన్ని కెరీర్ తొలినాళ్ల నుంచీ వేధించింది. 2022 ఫ్రెంచ్ ఓపెన్‌లో పాదం నరాలకు మత్తు ఇంజెక్షన్లు తీసుకుంటూ ఆడాడు. పాదం ఉందన్న స్పర్శ కూడా తెలియని స్థితిలో ఆ టైటిల్‌ను పద్నాలుగోసారి గెలిచాడు. అంత గొప్ప గెలుపు కోసం పాదాన్ని పణంగా పెట్టడం తప్పంటారా? తప్పనలేం. అతను 36 ఏళ్లవాడు, తన జబ్బు గురించి ఎవరికంటే బాగా తెలిసినవాడు, తనదైన రోలాండ్ గారోస్‌లో ఒక్క పక్షం రోజుల కోసం లెక్క చూసుకుని తెగించాడు. అయితే ట్రోఫీ అందుకున్న రోజే అతను మరో మాట కూడా చెప్పాడు. ఇలా ఇంజెక్షన్లతో ఆడుతూ పోదలచుకోలేదని, అలా తప్ప ఆడలేని పరిస్థితి వస్తే వింబుల్డన్ ఆడనని అన్నాడు. మనకు గుర్తున్నది మత్తు సూదితో గెలిచిన నాదల్. గుర్తుంచుకోవాల్సింది దానికి తానే గీత గీసుకున్న నాదల్. ఆ గీత లేనిచోట ఏమవుతుందో అర్జెంటీనా ఆటగాడు డెల్‌పొట్రో చూపించాడు. 2009 యూఎస్ ఓపెన్ విజేత. 2018లో షాంఘైలో మోకాలి చిప్ప పగిలింది, 2019లో అదే చిప్ప మళ్లీ పగిలింది. తిరిగి రావాలన్న ఆశతో ఆపరేషన్ తర్వాత ఆపరేషన్ చేయించుకున్నాడు. 2022 ఫిబ్రవరిలో బ్యూనస్ ఎయిర్స్‌లో ఒక మ్యాచ్ ఆడి, ఓడి, తల పట్టీని నెట్‌కు తగిలించి వెళ్లాడు. 2024లో 36 ఏళ్ల వయసులో అతను చెప్పిన సంగతులు వింటే కడుపు తరుక్కుపోతుంది. మోకాలికి ఎనిమిది ఆపరేషన్లు, మెట్లెక్కినా దిగినా నొప్పి, మాత్రలు మింగనిదే గడవని రోజులు. అతనికి ధైర్యం తక్కువైందని ఎవరనగలరు? ధైర్యం ఒక్కదాన్నే నమ్ముకోమని లోకం చెప్పింది, అతను నమ్మాడు.

మూడో దారి సానియాది

బరిలోకా, సెలవా అని రెండే గదులు గీసి అందులో ఒకటి ఎంచుకోమనడం కూడా పొరపాటే. హైదరాబాద్ టెన్నిస్ మూడో దారి చూపింది. సానియా మీర్జా 2007లో సింగిల్స్‌లో 27వ ర్యాంకు దాకా వెళ్లింది. ఆ స్థాయికి చేరిన భారత మహిళ మరొకరు లేరు. మణికట్టుకు, మోకాళ్లకు ఆపరేషన్లయ్యాక సింగిల్స్ భారం ఒళ్లు మోయలేదని తేలింది. 2013లో సింగిల్స్ మానేసి పూర్తిగా డబుల్స్‌కు మళ్లింది. అప్పట్లో కొందరు దాన్ని సగం రిటైర్మెంట్‌లా చూశారు. ఆ తర్వాత జరిగింది చరిత్ర. 2015 ఏప్రిల్‌లో డబుల్స్ ప్రపంచ నంబర్‌వన్ అయింది. మార్టినా హింగిస్‌తో కలిసి 2015 వింబుల్డన్, యూఎస్ ఓపెన్, 2016 ఆస్ట్రేలియన్ ఓపెన్ గెలిచింది. తల్లి అయ్యాక కూడా తిరిగొచ్చి 2023 ఫిబ్రవరి దాకా ఆడింది. సానియా గాయాన్ని ఓడించలేదు, గాయంతో రాజీ పడిందీ లేదు. మిగిలిన శరీరానికి తగిన ఆటను వెతుక్కుంది. బలమైన ఫోర్‌హ్యాండ్, వేగంగా ఆలోచించే బుర్ర చెక్కుచెదరలేదు. కోర్టు మొత్తం ఒక్కతే పరుగెత్తాల్సిన అవసరాన్ని మాత్రం వదిలించుకుంది. బౌలింగ్ మానేసి బ్యాటింగ్‌కే పరిమితమయ్యే ఆల్‌రౌండర్, టెస్టులు వదిలి పొట్టి క్రికెట్ ఆడే పేసర్ చేస్తున్నదీ ఇదే. కాకపోతే ఈ దారి అందరికీ లేదు. బ్యాడ్మింటన్ డబుల్స్‌లోనూ మోకాలి మీద దెబ్బ తప్పదు. వెయిట్‌లిఫ్టర్‌కు, రెజ్లర్‌కు మార్చుకోవడానికి మరో రూపమే ఉండదు. దారి ఉన్నచోట చూపించాల్సిన బాధ్యత శిక్షకులది.

దేశానికి బాకీ ఉందా?

ఇంకో మాట తరచూ వినిపిస్తుంది. ప్రభుత్వం ఖర్చు పెట్టింది, దేశం ఆశలు పెట్టుకుంది, ఆ రుణం తీర్చుకోవడానికైనా ఆటగాళ్లు చివరి చుక్క దాకా పోరాడాలి కదా అని. 2014లో మొదలైన కేంద్ర ప్రభుత్వ టాప్స్ పథకం కింద ప్రధాన బృందానికి ఎంపికైన ఆటగాళ్లకు శిక్షణ, విదేశీ పోటీలు, వైద్యం ఖర్చులతో పాటు నెలకు 50,000 రూపాయలు చేతికి అందుతున్న మాట నిజం. ఆ డబ్బు ప్రజలదే. కానీ ప్రజలు ఆ డబ్బుతో ఒక అవకాశాన్ని కొన్నారు, మనిషి మోకాళ్లను కొనలేదు. ఆ డబ్బుకు బదులుగా సాధన చేసిన రోజే రుణం తీరిపోయింది. లెక్క కోసమే చూసినా, సగం ఒంటితో వచ్చిన తార దేశానికి పెద్దగా ఒరగబెట్టేదేమీ ఉండదు. ఒలింపిక్స్ బ్యాడ్మింటన్ సింగిల్స్‌లో ఇద్దరూ తొలి పదహారు ర్యాంకుల్లో ఉంటేనే ఒక దేశం నుంచి ఇద్దరికి చోటు. లేదంటే ఒక్కరే. అలాంటిచోట అభిమానుల సెంటిమెంటు కోసం పాతవాళ్లను మోయడం ఎదుగుతున్న ఆటగాళ్ల పట్ల అన్యాయం. ఆపిన ఆటగాడు దేశానికి పనికిరాకుండా పోతాడనుకోవడం మరీ తప్పు. గోపీచంద్ దేశానికి ఇచ్చిన వాటిలో అన్నిటికంటే గొప్పది 2001 టైటిల్ కాదు. గాయాలు మళ్లీ వెంటాడాక ఆట నుంచి తప్పుకొని, ఇల్లు తాకట్టు పెట్టి, దాతల సాయంతో 2008లో గచ్చిబౌలిలో నిలబెట్టిన అకాడమీ. 2012లో సైనా, 2016లో సింధు తెచ్చిన ఒలింపిక్ పతకాలు అక్కడి నుంచి వచ్చాయి. అతను మరో ఐదారేళ్లు నొప్పితో టోర్నీల చుట్టూ తిరిగి ఉంటే ఆ అకాడమీ ఎప్పటికి వచ్చేదో!

దీనికి పూర్తిగా ఎదురు మాట ‘శిఖరం మీదున్నప్పుడే దిగిపోవాలి, లేకపోతే పేరు చెడుతుంది’ అనేది. పైకి పెద్దరికంగా కనిపించే ఈ సలహా కూడా ఆటగాళ్ల మేలు కోరేది కాదు. మన జ్ఞాపకం చెడకుండా చూసుకోమని వాళ్లకు చెబుతున్నాం, అంతే. తొలి రౌండ్లో ఓడిపోయినంత మాత్రాన సైనా ఒలింపిక్ పతకం వన్నె తగ్గలేదు. ఆపరేషన్ తర్వాత ర్యాంకు 36 దగ్గరే ఆగినందుకు ముర్రే వింబుల్డన్ కప్పులు మాసిపోలేదు. ఒళ్లు భరించగలిగి, ఆటలో ఆనందం మిగిలి ఉంటే కింది ర్యాంకులో ఆడుకోవడం వాళ్ల హక్కు. ‘చివరి చుక్క దాకా పోరాడు’ అనేవాళ్లూ ‘గౌరవంగా దిగిపో’ అనేవాళ్లూ చేసే తప్పు ఒక్కటే. ఇద్దరూ ఆటగాడి శరీరాన్ని తమ కోరికల పద్దులో రాసుకుంటున్నారు.

స్వేచ్ఛ ఉంటేనే అది నిర్ణయం

అయితే నిర్ణయం పూర్తిగా ఆటగాళ్లకే వదిలేస్తే పోలేదా, వాళ్ల ఒళ్లు వాళ్లకు తెలియదా? ఆఖరి మాట వాళ్లదే కావాలి, సందేహం లేదు. కానీ ఆ మాట ఎలాంటి ఒత్తిళ్ల మధ్య పుడుతోందో చూడాలి. నొప్పి మాత్రలు ఒంటి హెచ్చరికను దాచేస్తాయి. ఐదారేళ్ల వయసు నుంచి ‘నొప్పిని లెక్కచేయకు’ అని నేర్చుకున్న మనసు ప్రమాదాన్ని తక్కువగా అంచనా వేస్తుంది. ఆడితేనే ఆదాయం, ఆడితేనే ప్రకటనలు, ఆడితేనే వార్తల్లో పేరు. ఆట తప్ప మరో విద్య చేతిలో లేని పాతికేళ్ల మనిషి ‘ఆడతాను’ అన్నప్పుడు అది కోరికో గత్యంతరం లేకపోవడమో చెప్పడం కష్టం. జట్టు జీతం మీద ఉన్న వైద్యుడు జట్టు గెలుపునూ ఆలోచిస్తాడు. కాబట్టి పెద్ద గాయమైన ప్రతి ఆటగాడికీ జట్టుతో, సమాఖ్యతో సంబంధం లేని వైద్యుడి అభిప్రాయం సొంత ఖర్చు లేకుండా దొరకాలి. వచ్చే టోర్నీ సంగతి పక్కన పెట్టి, యాభై ఏళ్ల వయసులో ఈ కాలు ఎలా ఉంటుందో ఆ వైద్యుడు విప్పి చెప్పాలి.

రెండోది బతుకుదెరువు. అంతర్జాతీయ పతక విజేతలకు కేంద్రం ఇచ్చే జీవితకాల పింఛనులో ఒలింపిక్ పతకానికి, 2018లో సవరించిన లెక్క ప్రకారం, నెలకు 20,000 రూపాయలు. దానికి ముప్ఫై ఏళ్లు నిండాలి, ఆట నుంచి తప్పుకొని ఉండాలి. ఇరవై నాలుగేళ్లకే వెన్ను దెబ్బతిన్న లిఫ్టర్‌కు ఈ నిబంధన ఆరేళ్ల ఎదురుచూపు మిగులుస్తుంది. ఆ ఆరేళ్లు ఇల్లు గడవాలంటే చెడిన వెన్నుతోనే బరువులెత్తాలన్న ఆలోచన రాక మానదు. వైద్యులు ఇక ఆడవద్దని తేల్చినవాళ్లకు వయసు షరతు తీసేయడం న్యాయం. 2024 ఆగస్టులో మొదలైన రీసెట్ పథకం రిటైరైన క్రీడాకారులకు కొత్త నైపుణ్యాలు నేర్పే ఉద్దేశంతో వచ్చింది. మంచి అడుగే. కానీ రెండో వృత్తి శిక్షణ ఆట ముగిశాక కాకుండా, ఆట కొనసాగుతున్నప్పుడే మొదలవ్వాలి. చేతిలో మరో పని ఉన్న మనిషే ‘ఇక చాలు’ అన్న మాటను భయం లేకుండా అనగలడు. అదే మనిషి ‘మళ్లీ ఆడతాను’ అన్నప్పుడు ఆ మాటనూ మనం పూర్తిగా నమ్మవచ్చు.

తారలకు ఈ రక్షణ కొంతైనా ఉంది. సైనా ఆపగలిగిందంటే సంపాదన, పేరు, కుటుంబం అండగా ఉన్నాయి. తెలుగు రాష్ట్రాల క్రీడా పాఠశాలల్లో, పోలీసు, రైల్వే జట్లలో ఆడే వందలాది మందికి అవి లేవు. తారల పునరాగమనాలకే హారతులు పడితే, పేరులేని ఆ పిల్లలు అరిగిన మోకాళ్లతో ఆడుతూ పోవడమే గొప్పతనమని నమ్ముతారు. అందుకే ఈ చర్చ ఒక ఛాంపియన్ గురించిన ముచ్చటతో ఆగకూడదు. ఇకపై ఏ తార గాయపడినా ‘ఎప్పుడొస్తావు?’ అని అడగడం మానేద్దాం. దెబ్బతిన్నదేమిటో వైద్యులను అడుగుదాం. నీకేం కావాలని ఆటగాళ్లను అడుగుదాం. వాళ్లు ఏది ఎంచుకున్నా నిలబడేలా ఏం చేశారని ప్రభుత్వాన్ని, సమాఖ్యలను అడుగుదాం. తిరిగొచ్చినవాళ్లకు ఇచ్చే సన్మానమే ఆగిపోయినవాళ్లకూ ఇద్దాం. గోపీచంద్ 2001 విజయం పక్కన సైనా తీసుకున్న నిర్ణయాన్నీ బడిలో పాఠంగా చెప్పిన రోజు, మోకాలు పట్టుకుని కోచ్ ముందు నిలబడిన పదిహేనేళ్ల అమ్మాయి నొప్పిగా ఉందన్న మాట సిగ్గుపడకుండా పైకి చెప్పగలుగుతుంది. క్రీడల్లో మనం సాధించాల్సిన వాటిలో అది పతకానికి ఏమాత్రం తీసిపోదు.